పాలలోకి దిగనిది

పశువుల డాక్టరుగా ఈమధ్యనే చేరిన ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసి, "మేడం, ఎంత చెప్పినా ఒక్కరూ వినడం లేదు, ఈ ఉద్యోగం నాకు పడదేమో" అంది. నాలుగు ధైర్యం మాటలు చెప్పి పెట్టేశాను. పెట్టేశాక నా పాత చిరాకులన్నీ ఒకదాని వెనక ఒకటి మీదికొచ్చాయి. మహబూబాబాద్ వైపు ఉద్యోగం మొదలుపెట్టి, నడివయసంతా జనగామ వైపు తిరిగి, చివరికి భూపాలపల్లిలో రిటైరయ్యాను. ఈ మూడు చోట్లా మొదటిసారి చెప్పగానే నా మాట విన్న మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతుక్కున్నాను. గుర్తు రాలేదు. పశువులు నయం. అవి తన్నినా, ఎందుకు తన్నాయో మనకు తెలుస్తుంది.

అందుకే ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా చేరిన మిగతా పిల్లలు కూడా చదవండి. ఇందులో నేను గెలిచిన కథేమీ లేదు, ముందే చెబుతున్నా.

దేవరుప్పుల వైపు పల్లెలు నా కింద ఉన్న రోజులవి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులు ఎండి, చేలు బీడు పడి, పచ్చి పరక కంటికి కనిపించలేదు. గొర్రెలకు దొరికిందల్లా నిరుడు కుప్ప వేసిన మక్క చొప్ప, వరిగడ్డి. కడుపుతో ఉన్న గొర్రెలు కూడా అదే నమిలాయి. చలికాలం చివర్లో ఈనాయి. పిల్లలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మేము ఊరూరా టీకాల క్యాంపు పెట్టి తల్లిగొర్రెలకు సూదులు వేశాం.

వారం తిరక్కముందే పిల్లలు పడిపోవడం మొదలైంది.

ఒక ఊరి పెద్ద కాపరి మందలో అది ముందుగా కనబడింది. నాకు ఎవరూ చెప్పలేదు. నాకంటే ముందు వాట్సాప్‌కు తెలిసింది. ఎవరో గొంతు మెసేజ్ పెట్టారట: తల్లులకేసిన సూదిమందు పాలలోకి దిగి పిల్లలను చంపుతోందని. మా దవాఖానలో నాకు సహాయకుడిగా ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఆయన ఫోన్ తెచ్చి నాకు ఆ మెసేజ్ వినిపించి, "మనకెందుకు మేడం, నాలుగు రోజులు అటు దిక్కు పోకుంటే అదే సల్లబడ్తది" అన్నాడు. ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే.

"పిల్లలు చస్తుంటే పోకుండా ఎట్లా?"

"పోతే మనను కొడ్తరు మేడం."

కొట్టలేదు గానీ, తక్కువేం చేయలేదు. మా జీపు మంద దగ్గర ఆగగానే ఆ కాపరి భార్య, అరవై దాటిన అవ్వ, గొర్లను తోలే కర్ర పట్టుకుని ఎదురొచ్చింది.

"మళ్ల సూది పట్టుకొచ్చినవా డాక్టరమ్మా? ఉన్నయన్ని సంపినంక ఇంకేం మిగిలిందని వచ్చినవ్?"

"అవ్వా, సూది తేలేదు. చూసిపోదామని వచ్చిన."

"నువ్వు సూస్తెనే పడ్తున్నయ్. పో ఈడ్నుంచి!"

ఆమె భర్త కర్ర ఎత్తలేదు. కర్ర ఎత్తడం కంటే చెడ్డ పని చేశాడు, నా మొహం కూడా చూడకుండా అటు తిరిగి కూర్చున్నాడు. ఆ కాసేపట్లోనే నేను చూడగలిగినంత చూశాను. పడిపోయిన పిల్లలు చచ్చేట్టు లేవు. తల ఎత్తి చూస్తున్నాయి, తల్లి దగ్గరికొస్తే పాలకు మూతి చాస్తున్నాయి. కాళ్లు మాత్రం కర్రల్లా బిగుసుకుని లేవలేకపోతున్నాయి. ఒకటి నా ముందే పోసిన ఉచ్చ కాఫీ రంగులో ఉంది.

జీపెక్కి మా పై అధికారికి ఫోన్ చేశాను.

"ఉన్నట్టుండి చచ్చిపోతున్నాయా? అయితే చిటుకు రోగం" అన్నాడాయన.

"కాదు సార్. చిటుకు రోగమైతే పొద్దున పడి మధ్యాహ్నానికి పోతాయి. ఇవి రోజుల తరబడి పడి ఉండి కూడా పాలు తాగుతున్నాయి. ఇది విటమిన్ ఈ లోపంలా ఉంది సార్. తెల్లకండ రోగం."

అవతల నవ్వు వినిపించింది. "విటమిన్ ఈ మా ఆవిడ ముఖానికి రాసుకుంటుందమ్మా. శాంపిల్ పంపు, రిపోర్టు రానీ, చూద్దాం."

పంపాను. దారిలో ఎవరూ ఐసు మార్చలేదు. నమూనా పాడైంది, మళ్లీ పంపండి అని జవాబొచ్చింది. ఆ కాగితం చూసి నేను ఎవరిని తిట్టాలో తెలియక మా సహాయకుడిని తిట్టాను. ఆయన "అందుకే మనకెందుకంటి మేడం" అన్నాడు.

ఈ రోగం సంగతి మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే నా చిరాకు మీకు అర్థం కాదు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది. అది చాలావరకు కొవ్వుతో అల్లిన పొర. కొవ్వుకున్న జబ్బు మన వంటింట్లో అందరికీ తెలిసిందే: ముక్కిపోతుంది. సకినాల డబ్బా అడుగున మిగిలినవాటికి వాసనొచ్చినట్టే, కణం పొరలోని కొవ్వూ పాడవుతుంది. ఒకచోట మొదలైతే పక్కకు పాకుతుంది. విటమిన్ ఈ ఆ పొరలోనే దూరి కూర్చుని, ఆ దెబ్బ తాను తిని, పాకకుండా ఆపుతుంది. అది చాలకపోతే పొరకు చిల్లులు పడతాయి. కండ లోపల ఉండాల్సిన సరుకు నెత్తుట్లోకి కారుతుంది, ఉచ్చ రంగు మారుతుంది. బయటి సున్నం, అంటే కాల్షియం, లోపలికి చేరుతుంది, కండ తెల్లబడుతుంది. కాళ్ల కండలకు వస్తే పిల్ల పడిపోతుంది, మందేస్తే లేస్తుంది. గుండెకు వస్తే నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే పోతుంది.

కారడం వేరు, స్రవించడం వేరు. పొదుగులోని కణం చేతకాక కార్చేది కాదు. తల్లి నెత్తుట్లోంచి కావలసినవి ఎంచుకుని, కొవ్వును చుక్కలు చుక్కలుగా తన పొరతోనే చుట్టి పాలలోకి వదులుతుంది. విటమిన్ ఈ ఆ కొవ్వుతో పాటే దిగుతుంది, అందులోనూ ఎక్కువగా ముర్రుపాలలో. కడుపులో ఉన్నప్పుడు పిల్లకు అందేది చాలా తక్కువ కాబట్టి ఆ ముర్రుపాలే దిక్కు. కానీ తల్లి తిన్నది నెలల కిందటి ఎండు చొప్ప. పచ్చి ఆకులో ఉన్న విటమిన్ ఎండి, నిలవుండేసరికి చాలావరకు పోతుంది. తల్లి దగ్గరే లేనిది పొదుగు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది?

నన్ను అన్నిటికంటే ఎక్కువ చిరాకు పెట్టింది ఇదే. ఊరివాళ్లు చెప్పేదాంట్లో సగం నిజముంది. పాలలోనే ఉంది కథంతా. పాలలోకి దిగినదాని వల్ల కాదు, దిగనిదాని వల్ల. పూర్తి అబద్ధమైతే కొట్టిపారేయవచ్చు. సగం నిజాన్ని ఏం చేయాలి?

ఇంకా చెడ్డ సంగతి, దీనికి మందు కూడా సూదే. విటమిన్ ఈ, సెలీనియం అనే ఖనిజం కలిపిన ఇంజక్షన్. సూది చంపుతోందని నమ్మిన మనిషి దగ్గరికి ఇంకో సూది పట్టుకుపోవాలి. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి నా గుండెల్లో ఉంది. వానలకు ముందు నిజమైన చిటుకు రోగానికి టీకాలు వేయాలి. ఈ పుకారు అప్పటిదాకా బతికుంటే ఒక్కరూ మందను తోలుకురారు. అప్పుడు పోయేది కొన్ని పిల్లలు కాదు, మందలకు మందలు.

మందు మా స్టోరులో లేదు. జనగామలో మెడికల్ షాపుకు పోతే అతను ఆకుపచ్చ గోలీల డబ్బా తీసి, "ముఖానికా మేడం, జుట్టుకా?" అని అడిగాడు. గొర్రెకు అన్నాను. నన్ను పైకీ కిందికీ చూశాడు. హనుమకొండకు ఫోన్ చేస్తే వచ్చే వారం అన్నారు. చివరికి మహబూబాబాద్‌లో నాతో పాటు చదివిన డాక్టరు గుర్తొచ్చాడు. బయ్యారం వైపు మేకల కోసం తెప్పించిన సీసాలు వాడకుండా పడున్నాయన్నాడు. "ఎవరితోనైనా పంపరాదూ" అంటే, "నువ్వే రా, సంతకం కావాలి" అన్నాడు. రైలెక్కి కాజీపేట మీదుగా పోయాను. తీరా పోయేసరికి స్టోరు తాళం ఉన్న మనిషి పెళ్లికి వెళ్లాడు. మా స్నేహితుడు నాకు చాయ్ మీద చాయ్ పోయించాడు. ఆ మనిషి పెళ్లిబట్టల్లోనే వచ్చి, "గింత చిన్న డబ్బ కోసం జనగామ నుంచి వచ్చినవా మేడం?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఆదివారం. డబ్బా పట్టుకుని, మా సహాయకుణ్ని సెలవు రోజున బతిమాలి వెంట తీసుకుని ఆ ఊరికి పోయాను. ఈసారి అవ్వ కర్ర ఎత్తలేదు. ఓపిక అయిపోయినట్టుంది. నాలుగైదు పిల్లలను కట్టెలు పక్కపక్కన పేర్చినట్టు ఒక మూల పడుకోబెట్టుకుని, సీసాతో వాటికి పాలు తాపుతోంది.

"అవ్వా, ఇవి సూది వల్ల పడలేదు. తల్లులకు పచ్చి మేత లేక పాలలో బలం దిగలేదు. నేను తెచ్చింది ఆ బలమే."

"నీ మాట నాకు తెల్వది" అంది పాలు తాపడం ఆపకుండా. "ఇవి ఎట్లైనా సచ్చేటియే. పడ్డయాటికి ఏసుకో. నిలవడ్డ దాని మీద చెయ్యేస్తే మాత్రం ఊకోను."

భర్త మంచం మీద నుంచి అరిచాడు. "నీకు మతి లేదా? ఒక్కపారి అయింది సాలదా?"

"నువ్వు తాపుతున్నవా పాలు? నేను తాపుతున్న. నా ఇష్టం."

మా సహాయకుడు గొణుక్కుంటూనే కూర్చుని ఒక్కొక్క పిల్లనూ ఒళ్లో పెట్టుకున్నాడు, నేను సూది వేశాను. ఆ పని సగంలో ఉండగా జరిగింది. మందలో అందరికీ ఇష్టమైన ఒక పొట్టేలు పిల్ల ఉంది. మెడలో ఎర్రదారం కట్టారు. బలంగా, నున్నగా ఉంది. దానికి ఏ జబ్బూ లేదని వాళ్ల నమ్మకం. ఎక్కడి నుంచో ఒక కుక్క దూరి మందను బెదరగొట్టింది. గొర్రెలు చెదిరాయి. ఆ పొట్టేలు పిల్ల రెండు గంతులు వేసి, మూడో గంతుకు ముందుకాళ్లు ముడుచుకుని కూలింది. నేను పరుగెత్తి చేరేసరికి ప్రాణం లేదు.

కాపరి మంచం మీద నుంచి లేచొచ్చాడు. అప్పుడు మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "దీన్ని కూడ తిన్నవ్" అన్నాడు.

చుట్టూ మనుషులు పోగయ్యారు. ఎవరో ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టారు. మా సహాయకుడు నా చెవిలో "జీపెక్కుదాం మేడం" అన్నాడు. నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ భయం కంటే ముందు ఒళ్లు మండింది. ఇన్ని రోజులుగా లోపల దాచుకున్న కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"దీనికి సూది తగిలిందా? తగిలిందా చెప్పు! అవ్వ ముట్టనియ్యలేదు, నేను ముట్టలేదు. ఇప్పుడు దీన్ని నేను కోస్తాను. నువ్వే పక్కన కూర్చుని చూడు. సూది మందు కనబడితే నన్ను ఈ చెట్టుకు కట్టెయ్."

కాపరి "కొయ్" అన్నాడు.

కోసే ముందు మా సహాయకుడిని ఊళ్లోకి పంపాను. ఆదివారం కాబట్టి వాడకట్టులో మాంసం కోత ఉంది. ఆయన వెళ్లి పొద్దున కోసిన గొర్రె గుండెకాయ ఒకటి మోదుగాకులో పెట్టి తెచ్చాడు. వెంట ఆ మాంసం కొట్టేవాడు కూడా వచ్చాడు, ఏం జరుగుతోందో చూద్దామని. పొట్టేలు పిల్ల గుండె తీసి దాని పక్కన పెట్టాను.

వివరించాల్సిన పని లేకపోయింది. ఒకటి ముదురు ఎరుపు. రెండోదాని మీద సున్నపు వేళ్లతో గీసినట్టు తెల్లటి చారలు. తొడ కోసి చూపించాను. రెండు తొడల్లోనూ ఒకే చోట ఉడకబెట్టిన కోడిమాంసంలా పాలిపోయిన కండ.

కాపరి గొంతుక్కూర్చుని ఆ తెల్లచారలను వేలితో తడిమాడు. జీవితమంతా గొర్రెలను కోసినవాడు. తర్వాత మాంసం కొట్టేవాడి వైపు తిరిగి, "నువ్వు కోసింది ఎవల మందది?" అని అడిగాడు.

"మీ తమ్మునిదే. ఇద్దరికీ ఒక్క దినమే సూదులేసిరి గద."

నేరుగా సూది పడ్డ గొర్రె గుండె ఎర్రగానే ఉంది, పడని పిల్లది తెల్లబడింది. కాపరి లేచి మంచం మీదికి పోయి మళ్లీ అటు తిరిగి కూర్చున్నాడు. అతని వీపు చూస్తే ఈసారి నాకు కోపం రాలేదు. అవ్వ మాత్రం ఎర్రదారం విప్పి కొంగున కట్టుకుని, "మిగిలినయాటికి గూడ ఎయ్" అంది.

సూది పడ్డ పిల్లల్లో చాలావరకు రెండు మూడు రోజుల్లో తూలుతూ లేచాయి. కొన్ని లేవలేదు. పడి ఉన్నప్పుడే గుండెకు అంటినవి ఎలాగూ పోయాయి, వాటికి నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా మందు లేదు. పచ్చి ఆకు తెచ్చి తల్లులకు వేయండి, సూదితో రోజులు గడవవు అని చెప్పాను. ఊళ్లో పచ్చగా ఉన్నది ఒక్కటే: సర్పంచి భర్త మామిడితోట చుట్టూ వేసుకున్న సుబాబుల్ కంచె. నేను అడగడానికి పోతే ఆయన మోకాలు చాపి, "ఆ బలం సూదేదో నాకూ ఎయ్ రాదు డాక్టరమ్మా, మెట్లెక్కుడు అయితలేదు" అన్నాడు. ఇది మనుషుల మందు కాదు, ఎక్కువైతే పశువులకే విషం అని ఎంత చెప్పినా అలిగాడు. నేను తిరిగొచ్చేసరికి అవ్వ ఎవరినీ అడక్కుండానే ఒక మూల కంచె నరికి మోపు కట్టుకొచ్చింది.

తర్వాత చుట్టుపక్కల అందరికీ ఆ సూదే కావాలి. బర్రె ఈనకపోతే ఆ సూది, కోడి గుడ్డు పెట్టకపోతే ఆ సూది. మొన్నటిదాకా సూదిని చూసి పారిపోయినవాళ్లే. మా పై అధికారి ఫోన్ చేసి, "నేను ముందే అనుకున్నా" అని, లేచిన పిల్లల పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసి పంపమన్నాడు.

వానలకు ముందు చిటుకు రోగం టీకాల క్యాంపు పెట్టాం. పొద్దెక్కేదాకా ఒక్క గొర్రె రాలేదు. మా సహాయకుడు ఐసు డబ్బా మూత మూసి నా వైపు చూశాడు, ఆ చూపు నాకు తెలుసు. ఆయన నోరు తెరవకముందే దుమ్ము లేచింది. అవ్వ మందను తోలుకొచ్చింది, వెనక ఆమె మరిది మంద, ఆ వెనక ఇంకొకటి.

"నన్ను నమ్మినందుకు సంతోషం అవ్వా" అన్నాను.

"నిన్ను నమ్మి రాలే. ఆ గుండెకాయ సూసిన గదా, అందుకు వచ్చిన" అంది.

ఆ ఊరు పూర్తయింది. కానీ కాలువ అవతలి పల్లె ఒక్కటీ రాలేదు. వాళ్లు గుండెకాయ చూడలేదు, వాట్సాప్ మాత్రం విన్నారు. ఆ గుండెను సీసాలో పెట్టుకుని ఊరూరా తిరగలేను కదా. సాయంత్రం అక్కడికి బయలుదేరుతుంటే, "నేను సుత వస్త, నేను చెప్తే ఇంటరు" అని అవ్వ జీపెక్కింది.

వినలేదు. ఆమె చెప్పింది, బుజ్జగించింది, చివరికి తిట్టింది. వాళ్లలో ఒకాయన, "నీకేమన్న ముట్టజెప్పిందా ఏంది డాక్టరమ్మ?" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు అవ్వ సగం దారిదాకా పెదవులు బిగించుకుని కూర్చుని, ఒక్కసారిగా పేలింది.

"గింత మొండోళ్లేంది డాక్టరమ్మా! కండ్లార సూసినదాన్ని నేను చెప్తున్న గదా, మనిషి మాట మీద జరంతన్న నమ్మకం ఉండద్దా? గిసొంటోళ్లతోని నువ్వెట్ల ఏగుతున్నవ్?"

ముందు సీట్లో మా సహాయకుడు దగ్గినట్టు నటించాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె మొహం చూస్తే నవ్వు ఆగదని భయం.

"ఏగలేకనే ఉన్న అవ్వా. ఇంటికి పోదాం."

"ఇంటికేంది? నెత్తురు మరిగిపోతుంది నాకు." జీపు ఊళ్లోకి తిరగగానే అంది: "రేపు పొద్దుగాల మళ్ల పోదాం. కోపం చేస్తే చేయనీ."

మర్నాడు మళ్లీ పోయాం. కొందరు మందలు తోలుకొచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ల గొర్రెలకు తొలకరి గడ్డితో పాటే చిటుకు రోగం వచ్చింది. వాళ్ల దగ్గరికీ పోయాం.